గోడమీది గద్ద, పొదలోని వెదురు

మన ఆశ్రమ పాఠశాలల గోడలమీద, హాస్టళ్ళ వరండాల్లో ఈమధ్య ఒక గద్ద బొమ్మ కనిపిస్తోంది. బొమ్మ కింద ఒక కథ. గద్ద 70 ఏళ్ళు బతుకుతుందట. 40వ ఏట దాని ముక్కు వంగిపోతుందట, గోళ్ళకు పట్టు పోతుందట, రెక్కలు బరువెక్కుతాయట. అప్పుడది కొండకొమ్ముకు చేరి, ముక్కును బండకేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దానితో గోళ్ళు పీక్కుంటుందట, కొత్త గోళ్ళు వచ్చాక ఈకలు పీక్కుంటుందట. ఐదు నెలలు ఇలా బాధపడి, ఆపైన ఇంకో 30 ఏళ్ళు హాయిగా బతుకుతుందట. కష్టం వచ్చినప్పుడు ఈ గద్దను తలుచుకోండి అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతారు.

ఈ కథ అబద్ధం. ముక్కు ఊడిన గద్ద తిండి లేక కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. దాని ముక్కూ గోళ్ళూ మన గోళ్ళలాగే అరుగుతూ పెరుగుతూ ఉంటాయి. గద్ద వాలకుండా కోడిపిల్లల్ని కాచుకుంటూ పెరిగిన మన పిల్లలకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ కథను నోట్సులో రాసుకుంటారు, సారు చెప్పారు కదా అని. అసలు నష్టం అక్కడే జరుగుతోంది. తన కళ్ళతో చూసినదానికంటే గోడమీద రాసిందే నిజమని ఆ పిల్లవాడు నేర్చుకుంటున్నాడు.

కష్టకాలంలో మనిషి ప్రకృతివైపు చూడటం కొత్త కాదు. ఏ జాతి పాటల్లోనైనా, ఏ మతగ్రంథంలోనైనా చెట్టూ నీరూ పక్షీ కొండా కనిపిస్తాయి. అయితే ఏ పోలిక మనిషిని నిలబెడుతుంది, ఏది విన్న పూటకే ఆవిరైపోతుంది? మన జాతరల్లో, పండుగల్లో, ఇప్పుడు మన యువకులు రాస్తున్న కవితల్లో ఈ పోలికలు ఏం పని చేస్తున్నాయి? ఇది ఒక్క సాహిత్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. హాస్టల్లో బెంగ పెట్టుకొని కూర్చున్న పిల్లకు, పరీక్ష తప్పి ఊరికి పోలేక పట్నంలో తిరుగుతున్న కుర్రాడికి, ముంపులో ఊరు పోగొట్టుకున్న కుటుంబానికి మనం ఏ మాట ఇవ్వగలం అన్న ప్రశ్న కూడా. అందుకే కొంచెం తీరిగ్గా మాట్లాడుకుందాం.

రెండు వెదుళ్ళు

గద్ద తర్వాత గోడ ఎక్కింది చైనా వెదురు. విత్తనం నాటి నాలుగేళ్ళు నీళ్ళు పోసినా మొలక కనబడదట. ఐదో ఏట ఆరు వారాల్లో 80 అడుగులు లేస్తుందట. కాబట్టి ఓపిక పట్టండి అంటారు.

వెదురు సంగతి మనకు ఇంకొకరు చెప్పాలా? వానలు పడ్డాక పొద మొదట్లోంచి కొమ్ము పైకి వస్తుంది. లేతగా ఉన్నప్పుడు కోసి, చేదు పోయేలా ఉడికించి, కూర వండుకుంటాం. కోయకుండా వదిలిన కొమ్ము ఆ ఒక్క కాలంలోనే తన పూర్తి ఎత్తు అందుకుంటుంది. ఆ తర్వాత అది ఎత్తు పెరగదు, ఏటేటా గట్టిపడుతుంది. ఇంకా ఆకైనా సరిగా విప్పని కొమ్ముకు అంత ఎత్తు పెరిగేందుకు తిండి ఎక్కడిది? పొదలోని పాత బొంగులు సంపాదించి దాచింది నేలకింది దుంపల గుండా దానికి అందుతుంది. పెద్దవాళ్ళు నిలబడి ఉండగా, వాళ్ళ కూడబెట్టు తిని, పిల్ల కొమ్ము లేస్తుంది.

ఈ రెండు వెదుళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. గోడమీది వెదురు ఒంటరిది. నీ కష్టం నీది, నీ ఓపిక నీది, గెలిస్తే ఆ గెలుపూ నీదేనని అది చెబుతుంది. అలాంటప్పుడు ఓడితే ఆ తప్పు కూడా నీదే అవుతుంది. పొదలోని వెదురు ఆ మాట అనదు. ఇంటర్ తప్పిన పిల్లవాడితో మొదటి వెదురు ‘నువ్వు చాలినంత ఓపిక పట్టలేదు’ అంటుంది. రెండోది ‘నీ పొద ఎక్కడుందో అక్కడికి పో’ అంటుంది. వాడికి ఆ రాత్రి ఏ మాట అవసరమో ఉపాధ్యాయులే ఆలోచించాలి.

వెదురుకు ఇంకో సంగతి ఉంది. కొన్ని దశాబ్దాలకొకసారి అది పూస్తుంది. పూసి, గింజ రాల్చి, పొద మొత్తం చచ్చిపోతుంది. ఆ గింజలే వెదురుబియ్యం. కరువు రోజుల్లో వాటిని ఏరుకొని, దంచుకొని, వండుకొని బతికిన కుటుంబాలు మన కొండల్లో ఉన్నాయి. ఎండిపోయిన పొదల కింద తొలకరికి గడ్డిపరకల్లా కొత్త మొలకలు లేస్తాయి. ఈ సంగతి ఏ స్ఫూర్తి కథలోనూ ఉండదు. ఎందుకంటే ఇందులో చావు ఉంది. చావును దాచిపెట్టి చెప్పిన ధైర్యం, చావు ఇంటికి వచ్చిన రోజున పనికిరాదు.

మనలో చర్చికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. బైబిల్లో యోబు గ్రంథం వాళ్ళకు తెలుసు. నరికిన చెట్టుకైనా ఆశ ఉంటుంది, నీటి వాసన తగిలితే మళ్ళీ చిగురిస్తుంది అని యోబు అంటాడు. ప్రసంగాల్లో ఈ మాట దగ్గరే ఆగిపోతారు. యోబు ఆగడు. మనిషి మాత్రం పడిపోతే అలా లేవడు కదా అని వెంటనే ఏడుస్తాడు. పోడులో నడుమెత్తున నరికిన మోడు చిగురించడం మన కళ్ళ ముందరి సంగతే. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ‘మోడుకున్న అదృష్టం నా కొడుక్కు లేకపోయింది’ అని ఏడ్చిన తల్లులూ ఉన్నారు. రెండూ ఒకే చెట్టు గురించి అన్న మాటలే. నిజమైన పోలికలో ఏడుపుకూ చోటుంటుంది.

కాబట్టి మా మొదటి మాట ఇది. బలమిచ్చే పోలిక ముందు నిజమై ఉండాలి.

మన కవితల్లో పచ్చదనం

గోడమీది రాతల్ని విమర్శించడం తేలిక. మన రాతల్ని కూడా అదే కంటితో చూడాలి.

మన యువకులు రాసే కవితల్లో అడవి ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. సెలయేరు గలగలమంటుంది, నెమలి పురి విప్పుతుంది, కోయిల కూస్తుంది, వెన్నెల కురుస్తుంది. చివర్లో అడవితల్లి ఒడిలో కవి సేద తీరతాడు. ఆ అడవిలో దోమ లేదు, మలేరియా లేదు, పాము లేదు. దారి లేక డోలీలో ఆస్పత్రికి మోసుకుపోతున్న నిండు గర్భిణి లేదు. టెంకల అంబలి తాగి గడిపిన ఆషాఢం లేదు. రాసిన పిల్లవాడి ఇంట్లో ఇవన్నీ ఉన్నాయి. కవితలోకి మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదు? కవిత్వం అంటే ఏమిటో వాడికి నేర్పిన పాఠాల్లో అవి లేవు గనుక. తెలుగు భావకవులకు ప్రకృతి అంటే లోకం నుంచి తప్పించుకొని పోయే చోటు, తమ విషాదాన్ని చూసుకొనే అద్దం. ఆ కవిత్వపు అందాన్ని మేం కాదనం. అయితే అది అడవికి పొరుగు నుంచి వచ్చినవాడి చూపు. మనం ఇంటివాళ్ళం. ఇంటివాడికి తన ఇల్లు ఎక్కడ కురుస్తుందో తెలుసు, ఏ దూలానికి చెద పట్టిందో తెలుసు. అయినా అది తన ఇల్లే. ఆ మమకారం వర్ణనతో వచ్చేది కాదు.

ఇప్పచెట్టునే తీసుకోండి. మన కవితల్లో ‘ఇప్పపూల పరిమళం’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. ఆ చెట్టు ఎప్పుడు పూస్తుంది? ఆకు రాలిపోయి, ఎండ ముదిరి, వాగులు ఇంకిపోయే వేళ. ఇంట్లో గింజలు అడుగంటే వేళ. మోడులా నిలబడ్డ కొమ్మల నుంచి తెల్లవారుజామున పూలు రాలుతాయి. పొద్దు ఎక్కకముందే ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలతో వెళ్ళి ఏరుకోవాలి. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఏరినవి ఎండబెట్టాలి, దాచాలి, వండుకోవాలి, మిగిలితే సంతలో అమ్మాలి. ఏరడానికి వీలుగా ఉండాలని చెట్టు కింద ఆకులకు పెట్టిన నిప్పు ఒక్కోసారి అడవికి అంటుకుంటుంది కూడా. ఇవన్నీ తెలిసినవాళ్ళం మనం. ఇంత జీవితం ఉన్న చెట్టును ‘పరిమళం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం మనకు మనం చేసుకునే అన్యాయం.

అన్నీ ఎండినప్పుడు ఇప్ప పూస్తుంది. నిజమే. అయితే అది రాల్చిన పువ్వు దానంతట అదే గిన్నెలోకి రాదు. చీకటితో లేవాలి, వంగాలి, ఏరాలి. చెట్టు చెప్పే ధైర్యంలో ఈ సగం మన కవితల్లో కనిపించడం లేదు. ఆ సగం ఎక్కడుందో చూడాలంటే కవితల్ని కాసేపు పక్కనపెట్టి జాతరకు వెళ్ళాలి.

మోసుకొచ్చే దేవుళ్ళు

మేడారంలో విగ్రహం లేదు. గద్దెలున్నాయి, వెదురుంది, కుంకుమభరిణె ఉంది. రెండేళ్ళకొకసారి మాఘ పున్నమికి కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కోయ పూజారులు తీసుకొస్తారు. నాలుగో రోజు తల్లులు మళ్ళీ వనప్రవేశం చేస్తారు. లక్షలమంది మొక్కులు అందుకున్న దేవత నాలుగు రోజులే మనుషుల మధ్య ఉండి అడవిలోకి వెళ్ళిపోవడం గురించి మన యువకులు ఎప్పుడైనా ఆలోచించారా? ఆమెను తాళం వేసి ఉంచుకోలేం. మళ్ళీ కావాలంటే మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలి. తెచ్చుకోవాలంటే ఆ గుట్ట ఉండాలి, ఆ వెదురు ఉండాలి, తెచ్చే మనుషులు ఉపవాసంతో, నిష్ఠతో సిద్ధంగా ఉండాలి.

ఆ గాథ కూడా గుడులూ పుస్తకాల్లో కాక మనుషుల నోళ్ళలో, కోయల పడిగె బొమ్మల్లో ప్రయాణం చేసింది. డోలి వాయిస్తూ ఆ కథ చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనకు దూరమయ్యారు. ఆయన గొంతులోని కథ ఎంతమంది యువకుల గొంతుల్లోకి చేరింది అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

కేస్లాపూర్ నాగోబా దగ్గరికి వెళితే అక్కడా ఇదే. పుష్య అమావాస్య పూజకు నీళ్ళు కావాలి. నీళ్ళు కేస్లాపూర్‌లోనూ ఉన్నాయి. కానీ మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడిచి, జన్నారం వైపు గోదావరిలో ఉన్న హస్తలమడుగుకు పోయి, ఝరిలో గంగ తెస్తారు. తిరిగొచ్చి మర్రిచెట్టు కింద బస చేస్తారు. కొత్త కుండలతో నీళ్ళు తెచ్చి పూజకు సిద్ధం చేయడంలో ఆ వంశపు ఆడవాళ్ళ చేయి ఉంటుంది. కొత్త కోడళ్ళను దేవుడికి చూపించే భేటింగ్ ఆ రాత్రే జరుగుతుంది. దూరపు నీరు, నడిచిన కాళ్ళు, నీడనిచ్చిన చెట్టు, ఇంటికొచ్చిన పిల్ల అన్నీ ఒకే పూజలో భాగం.

దీన్ని భక్తి అనండి, ఆచారం అనండి. విమర్శకుల చూపుతో చూస్తే మాకు కనిపించేది ఒక్కటే. మనవాళ్ళు ప్రకృతిని చూసి బలం తెచ్చుకోలేదు, దానికోసం ఏదో ఒకటి చేసి తెచ్చుకున్నారు. నడిచారు, మోశారు, ఆగారు. కొత్తల పండుగ చేయనిదే కొత్త మామిడి, కొత్త చిక్కుడు, కొత్త గింజ నోట పెట్టని ఊళ్ళు మనవి. ఆకలి ఉన్నా చెట్టు మీది కాయ ముందుగా దేవరది, పెద్దలది. ఆ నాలుగు రోజులు ఆగగలిగిన మనిషికి తన ఆకలి మీద తనకు అధికారం ఉందని తెలుస్తుంది. ఆధ్యాత్మిక బలం అంటే ఇంతకంటే ఏముంటుంది?

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. గుట్ట ఉన్నవాళ్ళకు గుట్ట, నది ఉన్నవాళ్ళకు నది. ఊరే కదిలిపోయినవాళ్ళ మాటేమిటి? దీనికి జవాబు తండాల్లో ఉంది. బంజారాలు ఎడ్లమీద సరుకులు వేసుకొని దేశాలు తిరిగిన జనం. శ్రావణంలో వాళ్ళు తీజ్ చేస్తారు. పెళ్ళికాని ఆడపిల్లలు వెదురుబుట్టల్లో మట్టీ ఎరువూ నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ పూటపూటకూ నీళ్ళు పోస్తారు. ఇందులో ‘బోరడి ఝష్కేరో’ అనే తంతు ఉంది. రేగుముళ్ళకు నానిన శనగలు గుచ్చాలి. గుచ్చుతుంటే వరసైన కుర్రాళ్ళు కొమ్మను ఊపుతారు. ముల్లు గుచ్చుకున్నా చేతిలో శనగ వదలకూడదు. చివరి రోజున మొలకల్ని వాగులోనో చెరువులోనో కలిపేస్తూ ఏడుస్తారు.

తీజ్‌లో పొలం లేదు, అడవి లేదు. ఒక బుట్ట, గుప్పెడు మట్టి, గుప్పెడు గింజలు, తొమ్మిది రోజుల పూచీ ఉన్నాయి. తిరిగే జనం తమ నేలను బుట్టలో పెట్టుకొని తిరిగారు. అంటే పోలిక మనతోపాటు వస్తుంది, దానికి రోజూ నీళ్ళు పోసే చేయి ఉంటే.

మా రెండో మాట ఇది. బలమిచ్చే పోలికలో మనిషి చేసే పని ఒకటి ఉండాలి.

రాసినవాళ్ళు ఏం చేశారు

ఇది జాతరలకే సరిపోయే మాట కాదు. కష్టంలో ఉన్న జనం నుంచి వచ్చిన మంచి కవులు కూడా ఇదే చేశారు. గుర్రం జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. వేరే కావ్యాల్లో హంసలు, చిలుకలు దూతలయ్యాయి. జాషువా కథానాయకుడు అంటరానివాడు. తన గోడు శివుడికి చెప్పుకోవాలి, గుడి గడప మాత్రం తొక్కనివ్వరు. గబ్బిలానికి ఆ అడ్డు లేదు, దాని కాపురమే గుళ్ళలో. ఇంట్లోకి వస్తే అపశకునమని లోకం తరిమే జీవిని ఆయన ఎంచుకున్నాడు. అందం కోసం అయితే హంస చాలు. నిజం కోసం గబ్బిలమే కావాలి. దానికి ఆయన ఒక పని కూడా అప్పగించాడు: పోవాలి, చూడాలి, చెప్పాలి. ఆ కావ్యం చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు గబ్బిలం అందాన్ని చూసి తెచ్చుకోలేదు. తమ గోడు మోసుకుపోయేందుకు ఒక ప్రాణి ఉందన్న భరోసాతో తెచ్చుకున్నారు.

ఝార్ఖండ్ సంతాలీ కవయిత్రి నిర్మలా పుతుల్ కవితల్లో ఒకటి హిందీ ద్వారా దేశమంతా తెలిసింది. తనను దూరదేశం ఇవ్వొద్దని ఒక ఆడపిల్ల తండ్రిని వేడుకుంటుంది. కొండా నదీ లేని చోటు ఆమెకు వద్దు. ఆ మాట ఎవరైనా రాస్తారు. కవిత గొప్పతనం వరుణ్ణి ఎంచుకోవడానికి ఆమె పెట్టే పరీక్షలో ఉంది. ఆమె అతని ఆస్తిని చూడదు, చేతుల్ని చూస్తుంది. ఆ చేతులు నేలకు ఏమైనా చేశాయా, తోటివాడి బరువు ఎప్పుడైనా పట్టాయా అని అడుగుతుంది. చెట్టు మీద ప్రేమనూ మనిషి మీద ప్రేమనూ ఒకే కొలతతో కొలిచిన కవిత అది.

మన దగ్గర రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. అత్తవారింటికి పోయే బంజారా పెళ్ళికూతురు ఏడుస్తూ పాడే పాట పేరే ఆ పుస్తకం పేరు. ఏడవడానికి కూడా ఒక పాటను, ఒక రాగాన్ని, చుట్టూ కూర్చొని వినే ఆడవాళ్ళను ఏర్పాటు చేసుకున్న సంస్కృతి ఎంత తెలివైనదో చూడండి. ఏడుపు బలహీనత అని గోడమీది గద్ద చెబుతుంది. కాదని తండా చెబుతుంది. మన యువ రచయితలు ఎవరి మాట వినాలి?

‘చెట్టులా ఓర్చుకో’

ఇంతవరకూ పోలిక చేసే మేలు గురించి చెప్పుకున్నాం. అది చేసే కీడు కూడా చెప్పుకోకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

‘చెట్టును చూడు, రాళ్ళు వేసినా పండ్లే ఇస్తుంది. భూమిని చూడు, తవ్వినా భరిస్తుంది.’ ఈ మాటలు మనకు ఎవరు చెబుతున్నారో గమనించండి. తరచుగా రాళ్ళు వేసే చేతులే చెబుతాయి. మన ఆడపిల్లలకు భూదేవి ఓర్పు గురించి చెప్పేవాళ్ళు వాళ్ళను తవ్వుతున్నవాళ్ళే. ఓర్పు గొప్ప గుణమే. అన్యాయాన్ని భరించమని చెప్పడానికి చెట్టును సాక్ష్యం పిలవడం మాత్రం చెట్టుకూ అవమానం, మనకూ అవమానం.

మన పూర్వులు ప్రకృతిని అలా వాడుకోలేదు. మేడారం కథ కరువు కాలపు కథ. పంట లేనప్పుడు కప్పం కట్టలేమన్న జనం మీదికి కాకతీయ సైన్యం వచ్చిన కథ. జంపన్న నెత్తురు కలిసిన సంపెంగ వాగు ఈనాటికీ జంపన్నవాగే. భక్తులు ముందు ఆ వాగులో మునిగి, తర్వాత గద్దెల దగ్గరికి వెళతారు. ఓదార్పుకు పోయే దారి పోరాటపు జ్ఞాపకంలోంచే వెళుతుంది. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమ్రం భీం పేరుతో మనం తలుచుకొనే మూడు మాటలు జల్, జంగల్, జమీన్. నీరు, అడవి, నేల. అవి కవితలోని ఉపమానాలు కావు. హక్కులు. నీటి మీద హక్కు లేనివాడికి నీటి మీద కవిత ఎంతసేపు ధైర్యమిస్తుంది? 2006 అటవీ హక్కుల చట్టం కింద రావలసిన పట్టా కోసం తిరుగుతున్న తండ్రికి అడవితల్లి కవిత కూడా కావాలి, ఆ దరఖాస్తు సరిగా రాసిపెట్టే చదువుకున్న కొడుకూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానకూడదు.

ఇంకో జాగ్రత్త. మనసు బాగా కుంగిపోయిన పిల్లకు పోలిక మందు కాదు. తిండి మానేసి, నిద్ర లేక, ఎవరితోనూ మాట్లాడకుండా, బతకాలని లేదని అంటున్న పిల్లకు వెదురు కథ చెప్పి పంపేయకూడదు. పక్కన ఒకరు కూర్చోవాలి, ఇంటికి కబురు పెట్టాలి, డాక్టరుకు చూపించాలి. మలేరియా జ్వరానికి మాత్ర వేసినట్టే దీనికీ వైద్యం ఉంది. పొదలోని వెదురు చెప్పేదీ ఇదే, లేత కొమ్మును ఒంటరిగా వదలొద్దని.

ఊరు మునిగాక

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న చివరికి ఉంచాం. పోలవరం ముంపులో గోదావరి ఒడ్డు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కోయలు, కొండరెడ్లు పునరావాస కాలనీలకు వచ్చారు. అక్కడ వరసగా ఒకేలాంటి ఇళ్ళు. దేవర చెట్టు లేదు, ఇప్ప లేదు, చచ్చిపోయిన పెద్దల రాళ్ళు లేవు. అక్కడ పెరుగుతున్న పిల్లకు ‘నీ వాగును తలుచుకో’ అంటే ఆ మాట గాయాన్ని కెలికినట్టే ఉంటుంది.

ఈ ప్రశ్నకు మా దగ్గర తేలికైన జవాబు లేదు. పోయిన వాగుకు బదులు పాట చాలు అనడం అబద్ధమవుతుంది. మునిగినదానికి నష్టపరిహారం, భూమికి భూమి అడగవలసిందే. ఆ అడగడాన్ని కవిత్వం మెత్తబరచకూడదు. అయితే బంజారా ఆడపిల్లల బుట్ట ఒకటి మనకు గుర్తుంది. కాలనీలో ఇంటిముందు ఇప్పగింజ నాటిన ముసలమ్మ తాను ఆ చెట్టు పువ్వు ఏరుకోనని ఎరుగును. ఇప్ప పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అయినా నాటుతుంది. ఆమె చేస్తున్నది జ్ఞాపకం కాదు, పని. ఆ పనిని చూసి, ఆ ముసలమ్మ మాటల్ని ఆమె భాషలోనే రాసుకున్న మనవరాలు రేపు రాసే కవితలో ‘పరిమళం’ అన్న మాట ఉన్నా లేకపోయినా ఇప్పచెట్టు ఉంటుంది.

యువ మిత్రులకు మా కోరిక చిన్నది. చెట్టునో నీటినో పక్షినో కవితలోకి తెచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను రాసింది ఆ చెట్టు విషయంలో నిజమేనా? ఆ చెట్టుతో మా ఇంటివాళ్ళు చేసే పని ఇందులో ఉందా? కష్టంలో ఉన్న మా అమ్మకు ఇది చదివి వినిపిస్తే తల ఊపుతుందా, నవ్వి ఊరుకుంటుందా? మూడో ప్రశ్నకు జవాబు ఊహించుకోవద్దు. నిజంగానే చదివి వినిపించండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకో మాట. కొందరంటారు, గద్ద కథ అబద్ధమైనా పిల్లలకు ఉత్సాహం ఇస్తోంది కదా, దాన్నెందుకు చెరపడం అని. చెరపమని మేమూ అనడం లేదు. దాని పక్కన కొంచెం జాగా ఖాళీగా ఉంచి, పిల్లల్నే రాయమనండి. మీ ఊళ్ళో కరువు వచ్చినప్పుడు ఏ చెట్టు ఆదుకుంది? వాన రాకపోతే మీ నాయనమ్మ ఏం చేసేది? ఇంట్లో చావు జరిగినప్పుడు ఏ నీళ్ళ దగ్గరికి వెళ్ళారు, ఏం చేశారు? సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దల్ని అడిగి రమ్మనండి. కోయలోనో, గోండీలోనో, సవరలోనో, గోర్‌బోలిలోనో ఆ మాట ఎలా ఉంటే అలాగే, తెలుగు లిపిలోనైనా సరే, రాయనివ్వండి.

నాలుగు సెలవులు తిరిగేసరికి ఆ గోడ నిండుతుంది. రాత్రి బెంగ పుట్టి వరండాలోకి వచ్చిన పిల్ల ఆ గోడమీద తన ఊరి పేరు చూసుకుంటుంది. పక్కన ఇంకో పిల్ల రాసిన ఇంకో ఊరి పేరు చూస్తుంది. తన పొద ఎంత పెద్దదో అప్పుడామెకు తెలుస్తుంది.